అప్పగింత చట్టం: నిందితుల హక్కులు మనకెందుకు?

రుద్రవరంలో జరిగిన మా సమావేశంలో ఒక అక్క నిలదీసి అడిగింది: "నా కూతుర్ని వదిలేసి అమెరికాలో కూర్చున్న అల్లుణ్ణి తెచ్చి ఆళ్లగడ్డ కోర్టులో నిలబెట్టలేని చట్టం, వాడి హక్కుల గురించి మాత్రం ఎందుకు మాట్లాడుతుంది?" ఇది తేలిగ్గా కొట్టేయదగ్గ ప్రశ్న కాదు. బాధిత స్త్రీల పక్షాన నిలబడే మనం నిందితుల హక్కుల గురించి కూడా మాట్లాడటం చాలామందికి వింతగానే తోస్తుంది. అందుకే మన జిల్లాతో ముడిపడిన ఒక కేసును ముందు చూద్దాం.

2001లో అబూ సలేం, సినిమా నటి మోనికా బేడీ మారుపేర్లతో, కర్నూలు చిరునామాతో పాస్‌పోర్టులు సంపాదించారు. ఆనాడు రుద్రవరం, ఆళ్లగడ్డ, నంద్యాల అన్నీ కర్నూలు జిల్లాలోనివే. కువైట్‌కు ఇంటిపనికి పోదామనుకున్న పేదస్త్రీ పాస్‌పోర్టు విచారణ కోసం ఎన్నిసార్లు తిరగాలో మనకు తెలుసు. వీళ్ల పని మాత్రం జరిగిపోయింది. స్థానిక పోలీసు సిబ్బంది కూడా ఆ కేసులో ముద్దాయిలయ్యారు. 2002 సెప్టెంబరులో ఇద్దరినీ లిస్బన్‌లో అరెస్టు చేశారు. మూడేళ్ల తర్వాత, 2005 నవంబరులో, పోర్చుగల్ వారిని మన దేశానికి అప్పగించింది.

ఊరికే అప్పగించలేదు. పోర్చుగల్‌లో మరణశిక్ష లేదు, యావజ్జీవ శిక్ష కూడా లేదు. సలేంకు మరణశిక్ష గానీ, 25 ఏళ్లకు మించిన జైలు గానీ ఉండదని భారత ప్రభుత్వం చేత మాట తీసుకుంది. మన 1962 నాటి నేరస్తుల అప్పగింత చట్టంలోని 21వ సెక్షను ఇంకో హద్దు గీసింది. ఏ నేరాల మీద మనిషిని అప్పగించారో వాటి మీదే విచారించాలి. కొత్త నేరాలు మోపాలంటే అప్పగించిన దేశం ఒప్పుకోవాలి. తెచ్చుకునేదాకా ఒక కేసు చూపించి, తెచ్చుకున్నాక పది కేసులు పెట్టడానికి వీల్లేదు.

ఈ హద్దును మన ప్రభుత్వం దాటిందని 2011లో లిస్బన్ కోర్టు తప్పుపట్టింది. చివరికి 2013లో కొన్ని అభియోగాలను ఉపసంహరించుకోవడానికి మన సుప్రీంకోర్టు అనుమతించింది. 1993 ముంబాయి పేలుళ్ల కేసులో సలేంకు 2017లో యావజ్జీవ శిక్ష పడింది. అయినా 25 ఏళ్ల మాటకు ప్రభుత్వం కట్టుబడాల్సిందేనని 2022 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది.

257 మంది ప్రాణాలు తీసిన పేలుళ్లలో శిక్షపడినవాడికి ఇచ్చిన మాట ఏమిటని కోపం రావచ్చు. కానీ ఆ మాట ఒక్క సలేంకు ఇచ్చింది కాదు. మనం మాట తప్పితే రేపు ఏ దేశమూ ఎవరినీ మనకు అప్పగించదు. ఆ అక్క అల్లుణ్ణి కూడా.

మోనికా బేడీ సంగతి చూడండి. పత్రికలకు ఆమె ఒక డాన్ ప్రియురాలు, అంతే. కోర్టు మాత్రం ఆమె చేసిన పనేమిటో తేల్చాలి. 2006లో హైదరాబాదు సీబీఐ కోర్టు అయిదేళ్ల శిక్ష వేసింది. హైకోర్టు దాన్ని మూడేళ్లకు తగ్గించింది. పాస్‌పోర్టు విషయంలో లిస్బన్‌లో ఒకసారి శిక్షపడింది కదా, ఒకే నేరానికి రెండుసార్లా అని ఆమె సుప్రీంకోర్టులో వాదించింది. అక్కడిది దొంగ పాస్‌పోర్టు వాడిన నేరం, ఇక్కడిది దాన్ని మోసంతో సంపాదించిన నేరం, రెండూ వేరని 2010లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అయితే అప్పటికే అనుభవించిన జైలు చాలంది. ఆమె గెలిచిందా ఓడిందా అన్నది కాదు మనం చూడాల్సింది. ఎవరి ప్రియురాలో అని కాకుండా, తాను చేసినదానికే జవాబుదారీగా ఆమెను విచారించడం, ఆమె మాట వినడం ముఖ్యం.

వినడమనే ఈ సూత్రమే భార్యలనూ కాపాడింది. తిరుపతిలో పెళ్లాడిన ఒక తెలుగు వ్యక్తి అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి విడాకులు తెచ్చుకొని ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ విడాకులు చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కోర్టుకు అధికారం లేదంది. భార్యకు తన వాదన వినిపించుకునే నిజమైన అవకాశం ఉండి తీరాలని కూడా చెప్పింది. మనకు అక్కరకొచ్చిన సూత్రాన్ని ఎదుటివాడికి వద్దనగలమా?

ఇక అక్క ప్రశ్నకు వద్దాం. 1997లో అమెరికాతో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఏడాదికి మించి శిక్షపడే నేరమై ఉండాలి, అది రెండు దేశాల్లోనూ నేరం కావాలి. 498ఎ కింద మూడేళ్లదాకా శిక్ష ఉంది. 2024 జూలై నుంచి జరిగే నేరాలకు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షనులోనూ అంతే. కానీ మన చట్టం చెప్పే క్రూరత్వానికి సరిపోయే నేరాన్ని అక్కడి చట్టంలో చూపించడం కష్టం. అందుకే "వేధించాడు" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా కొట్టడం, బెదిరించడం, డబ్బు కాజేయడం లాంటి ప్రతి పనినీ తేదీలతో, సాక్ష్యాలతో ఫిర్యాదులో రాయించాలి.

అంతవరకూ చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. క్రిమినల్ కేసు నడుస్తున్నా, వారెంటు ఉన్నా పాస్‌పోర్టు చట్టం 10(3) సెక్షను కింద అతని పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. దాన్ని వాడమని పట్టుబట్టాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది. దాన్ని అడిగి తీసుకోవాలి.

ఒక్కటి మాత్రం మనం అడగకూడదు. అల్లుడు దొరకలేదని అతని తల్లినో చెల్లెల్నో పోలీసుస్టేషనుకు ఈడ్చుకురమ్మనకూడదు. వాళ్లూ వేధించి ఉంటే వాళ్లు చేసినదానికే కేసు పెట్టాలి. పొద్దుగూకిన తర్వాత, తెల్లవారక ముందు స్త్రీని అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం, మహిళా పోలీసు, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలని చట్టం చెబుతోంది. ఒకడి బదులు ఇంకొకరిని పట్టుకునే పోలీసు అలవాటును ఈ రోజు మనం మెచ్చుకుంటే, రేపు అది మన గడపే తొక్కుతుంది.

అల్లుణ్ణి తేవాలి. వాడి మీద మోపిన నేరానికే, వాడి మాట విని, విచారించాలి. ఈ రెండింటినీ కలిపే అడుగుదాం.