ఇంగ్లీషు వ్రాతలో ఇంటిభాష

నల్లగొండ, మహబూబునగరము జిల్లాల పాఠశాలలలో ఇంగ్లీషు వ్యాసములు దిద్దు ఉపాధ్యాయులకు కొన్ని వాక్యములు చిరపరిచితములు. ‘మై ఫాదర్ ఫార్మర్’ అని యొకరు, ‘ఫీవర్ కేమ్ టు మీ’ అని యొకరు, ‘హి టోల్డ్ దట్ ఐ విల్ కమ్’ అని వేఱొకరు వ్రాయుదురు. ఎఱ్ఱసిరా గీత పడును. కారణము మాత్రము విద్యార్థికి తెలియకయే యుండును. మఱునాడు అదే తప్పు మరల వచ్చును.

కారణము వెదకుటకు దూరము పోనక్కఱలేదు. ‘మా నాయన రైతు’ అనునది తెలుగున సంపూర్ణ వాక్యము. అందు క్రియతో పనిలేదు. ఇంగ్లీషున ‘ఈజ్’ లేనిదే ఆ వాక్యము నిలువదు. తెలుగున జ్వరమే కర్త. అది మనుష్యునికి వచ్చును. ఇంగ్లీషున మనుష్యుడు కర్త. జ్వరము అతనికున్న వస్తువు వంటిది. ‘వస్తానని చెప్పినాడు’ అన్నచోట తెలుగు ఎదుటివాని మాటలోని ‘నేను’ను అట్లే నిలిపి, ‘అని’ చేర్చి ఊరకుండును. ఇంగ్లీషు దానిని ‘అతడు’గా మార్చుమనును. ఇక ‘ఎ’, ‘ది’ అను ఉపపదములకు తెలుగున సమానములే లేవు. కనుక ఈ తప్పులు చేసినవాడు వ్యాకరణ మెఱుగనివాడనుట న్యాయము కాదు. తానెఱిగిన వ్యాకరణమునే అతడు కొత్త భాషలో నడపినాడు.

రెండు భాషల నిర్మాణములను పోల్చినచో అభ్యాసకునికి ఎచ్చట కష్టము కలుగునో ముందే యూహింపవచ్చునని రాబర్ట్ లాడో 1957లో చెప్పెను. తప్పులు విద్యార్థి అభ్యాసము సాగు తీరునకు సాక్ష్యములని పిట్ కార్డర్ 1967లో వాదించెను. అన్ని తప్పులకును మాతృభాషయే మూలమనరాదు. ‘హి గో’ అని చివరి ‘ఎస్’ను విడుచుట వివిధ భాషల పిల్లలలో కనబడునదే.

2022–23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. రెండు భాషలును ఎదురెదురు పుటలలో నుండు పాఠ్యపుస్తకములును వచ్చినవి. అయినను ఇంగ్లీషు రావలెనన్న తరగతిలో తెలుగు వినబడరాదను నమ్మకము కొన్నిచోట్ల నాటుకొనియున్నది. నోటిని కట్టివేయవచ్చును గాని, మనసున వాక్యము కూర్చుకొను తీరును కట్టివేయుట సాధ్యము కాదు. పోల్చి చూపనిచో ఆ తెలుగు వాక్యమే ఇంగ్లీషు మాటలు తొడుగుకొని కాగితముపైకి వచ్చును.

మఱియొక జాగ్రత్తయు అవసరము. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల తండాలలో పిల్లల ఇంటిభాష లంబాడీ. నారాయణపేట సరిహద్దున కన్నడము వినబడును. అట్టి బిడ్డలకు పాఠ్యపుస్తకపు తెలుగే రెండవ భాష. 1948 వఱకు నైజాము పాలనలో ఈ జిల్లాల తెలుగు పిల్లలు పై చదువులు ఉర్దూలోనే చదువవలసి వచ్చెను. ఇంటిభాషకు చోటులేని బడి ఎట్టిదో ఎఱిగిన సీమ, అదే కష్టమును తండా బిడ్డలకు కలిగింపరాదు.

ఉపాధ్యాయులకు సాధ్యమగు ఉపాయ మొకటి కలదు. వారమునకొక తప్పును తీసికొని, నల్లబల్లపై ఇంటిభాషలోని వాక్యమును, దాని క్రింద విద్యార్థి వ్రాసినదానిని, ఆ క్రింద సరియైన ఇంగ్లీషు వాక్యమును వ్రాసి, ఎక్కడ ఏది మాఱినదో పిల్లలచేతనే చెప్పింపవచ్చును. తప్పు చేసినవాని పేరు చెప్పరాదు. తనది మొద్దుబుద్ధి కాదనియు, రెండు భాషల నడక వేఱనియు తెలిసిన బాలుడు కలము పట్టుటకు జంకడు. జంకు లేనివాడు ఎక్కువ వ్రాయును. వ్రాయగా వ్రాయగా ఆ తప్పులు తామే తగ్గును.