నెట్ స్లో... టీమ్ వేస్ట్!

సాయంత్రం ఆరున్నర. కర్నూలు - కడప హైవే మీద లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతుంటాయి. ఆ దారిలో ఉన్న చాగలమర్రి లాంటి ఊళ్లో, ఆ వేళకి ఏదో ఒక ఇంటి అరుగు మీద నలుగురు కుర్రాళ్లు తలలు వంచుకుని కూర్చుని ఉంటారు. నాలుగు ఫోన్లు, ఎనిమిది బొటనవేళ్లు. అరగంట పాటు ఉలుకూ పలుకూ ఉండదు. ఉంటే 'ముందర ఇంట్లో ఉండాడ్రా', 'వస్తా ఉండా, నిలబడు' అన్న కేకలే. ఉన్నట్టుండి నాలుగు తలలూ ఒకేసారి పైకి లేస్తాయి. జట్టు ఓడిపోయిందన్నమాట!

ఇక పంచాయితీ మొదలు. 'యాడుండావ్ రా నువ్వు? పిలుస్తానే ఉండా కదా!' అంటాడొకడు. 'నాకు నెట్టు ఆగిపోయింది' అని రెండోవాడు. 'నేనొక్కన్నే ఎంతమందినని కొట్టాల?' అని మూడోవాడు. నాలుగోవాడు మాట్లాడడు. మొదట చచ్చింది అతనే మరి. 'ఎవురు చచ్చినార్రా?' అని లోపల్నుంచి అవ్వ కంగారుగా అడుగుతుంది. ఆమెకి జవాబు చెప్పేలోపే ఎవరిదో వేలు 'స్టార్ట్' మీద పడుతుంది. మళ్లీ విమానం, మళ్లీ ప్యారాచూట్లు... మళ్లీ అదే ఓటమి.

తెలియని పెద్దల కోసం ఒక మాట. ఈ కుర్రాళ్లు ఆడేది బీజీఎంఐ. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్జీని నిషేధించాక, 2021 జులైలో ఈ పేరుతో వచ్చింది. 2022 జులైలో దీన్నీ ఆపేశారు. 2023 మేలో తిరిగొచ్చింది. వందమంది దాకా ఒక దీవి మీద దిగుతారు. నలుగురేసి ఒక జట్టు. ఆడే చోటు చుట్టూ గీసిన వలయం నిమిషాలు గడిచేకొద్దీ చిన్నదవుతుంది, బయట ఉన్నవాళ్ల ప్రాణం కరిగిపోతుంది. ఆఖరికి మిగిలిన జట్టుదే గెలుపు. అంటే ఒక మ్యాచ్‌లో గెలిచే జట్టు ఒక్కటే, ఓడేవి ఇరవై నాలుగు. ఇన్ని ఓటములు మిగిల్చే ఆట నుంచి నేర్చుకోవడానికి బోలెడు ఉండాలి. కానీ రెండేళ్లుగా రోజూ ఆడుతున్నవాళ్లు కూడా చాలామంది మొదటి నెలలో ఎక్కడున్నారో అక్కడే ఉంటారు. ఎందుకని?

ఆడలేక మద్దెల ఓడు అన్నారని నవ్వేయొచ్చు. కానీ ఇక్కడ మద్దెల మీదకు నెట్టడం మరీ తేలిక. కబడ్డీలో ఏడుగురూ ఒకే బరిలో ఉంటారు. గొలుసు పట్టు ఎవరు వదిలేశారో జట్టంతా చూస్తుంది, గట్టు మీద కూర్చున్న తాతలు కూడా చూస్తారు. అబద్ధం చెల్లదు. ఫోన్ ఆటలో అలా కాదు. ఎవరి తెర వాళ్లకే. నాలుగోవాడు చచ్చేటప్పుడు మొదటివాడు పక్క ఇంట్లో తుపాకీ ఏరుకుంటుంటాడు. అతనికి కనిపించేది తను చేసిన మంచి పనులూ, మిగతా ముగ్గురి చెడ్డ ఫలితాలూ. ఇద్దరి మాటా వాళ్ల వాళ్ల తెర మీద నిజమే!

ముక్కూ మొహం తెలియనివాళ్లతో జట్టు కట్టినప్పుడైతే చెప్పనక్కర్లేదు. 'నాకెప్పుడూ వేస్ట్ టీమే తగులుతుంది' అనేది ఈ ఆటలాడే ప్రతివాళ్ల నోటా వినపడే మాట. దీనికో చిన్న లెక్కుంది. ఐదుగురితో ఐదుగురు తలపడే ఆట తీసుకోండి. మనవైపు మనం కాక నలుగురు అపరిచితులు. అటువైపు ఐదుగురు. చేతకానివాడు తగిలే అవకాశం మనకంటే వాళ్లకే కాస్త ఎక్కువ... మనం ఆ చేతకానివాళ్లం కానంతవరకు. ఒకటి రెండు మ్యాచుల్లో అదృష్టం అటూ ఇటూ కావచ్చు. రెండొందల మ్యాచుల తరవాత కూడా మెట్టు ఎక్కలేదంటే, ఆ రెండొందల్లో మారుతూ వచ్చినవాళ్లు సహచరులు. మారకుండా ఉన్నది ఒక్కరే.

సరే, తప్పు ఒప్పుకున్నాడనుకుందాం. అప్పుడూ చిక్కే. చాలామంది చచ్చిన చోటే తప్పు వెతుకుతారు. 'వంతెన మీద కొట్టేశారు, గురి తప్పింది' అంటారు. గురి సంగతి తరవాత. అసలు వంతెన మీదకి ఆ సమయంలో ఎందుకు వెళ్లినట్టు? వలయం మూసుకొస్తుంటే పరుగెత్తాల్సి వచ్చింది. ఎందుకు పరుగెత్తాలి? బయల్దేరడం ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యం? అప్పటికే సరిపడా సామాను ఉన్నా, ఇంకో ఇల్లు వెతుకుదామని ఆగారు. చావు వంతెన మీద. తప్పు నాలుగు నిమిషాల ముందు, ఆ ఇంటి గుమ్మంలో. 'ఇంకొక్క ఇల్లు' అన్నవాడు ఒకడు, సరే అన్నవాళ్లు ముగ్గురు. గురి కోసం నెల రోజులు సాధన చేసినా ఈ జట్టు ఆ వంతెన మీదే పోతుంది.

ఆ నాలుగు నిమిషాలు వెనక్కి వెళ్లడం కబడ్డీలో కష్టం. ఫోన్ ఆటలో చేతిలో పని. మనల్ని కొట్టినవాడి వైపు నుంచి ఆఖరి క్షణాలు చూపించే డెత్ రీప్లే ఉంది. రికార్డు చేసుకుంటే మ్యాచ్ మొత్తం చూసుకోవచ్చు. మనం గోడ చాటున దాక్కున్నామనుకుంటాం, అటునుంచి చూస్తే సగం ఒళ్లు బయటే ఉంటుంది! మన తెర ఒక్కటే కాకుండా ఎదుటివాడి తెర కూడా చూసే వీలు ఏ మైదానంలో దొరుకుతుంది? ఇంత సదుపాయం పెట్టుకుని మనవాళ్లు నొక్కేది మాత్రం 'స్టార్ట్'నే.

కొరియావాళ్లు దీన్నెప్పుడో పట్టుకున్నారు. అక్కడ బాదుక్ అని ఒక పాత ఆట. మనం 'గో' అంటాం. ఆట అయ్యాక గెలిచినవాడూ ఓడినవాడూ కలిసి కూర్చుని, నల్ల రాళ్లూ తెల్ల రాళ్లూ మొదటి నుంచి మళ్లీ పేర్చుకుంటూ ఎక్కడ దారి తప్పిందో మాట్లాడుకుంటారు. దాన్ని 'బొక్‌గి' అంటారు. కంప్యూటర్ ఆటల జట్లలోనూ కోచ్‌ని పెట్టుకుని రీప్లేలు చూడటం ఇప్పుడు రోజువారీ పని. లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటలో 'ఫేకర్'గా పేరుపడ్డ లీ సాంగ్ హ్యోక్ ఆ దేశంవాడే. 2013, 2015, 2016లలో ప్రపంచ విజేత. 2017లో బీజింగ్ ఫైనల్లో అతని జట్టు 0-3తో చిత్తయింది. వేల మంది చూస్తుండగా బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. 2022 ఫైనల్లోనూ 2-3తో ఓటమే. తరవాత 2023లో సోల్‌లో, 2024లో లండన్‌లో, 2025లో చెంగ్డూలో... వరసగా మూడుసార్లు అతని జట్టుదే కప్పు.

అంతదూరం ఎందుకు, మన తెలుగువాళ్లే ముగ్గురున్నారు. ఆటే వేరు... చదరంగం. కరోనా రోజుల్లో, 2020లో చెస్ ఒలింపియాడ్‌ను మొదటిసారి ఆన్‌లైన్‌లో పెట్టారు. జట్టుకి ఆరు బోర్డులు. ఇద్దరు పురుషులు, ఇద్దరు మహిళలు, ఇద్దరు జూనియర్లు. ఎవరింట్లో వాళ్లు కంప్యూటర్ ముందు. మన జట్టులో పెంటేల హరికృష్ణ, కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఉన్నారు. ఆగస్టు 29న సెమీఫైనల్లో పోలాండ్ ఎదురైంది. మొదటి రౌండ్‌లో 2-4తో ఓడిపోయాం. విశ్వనాథన్ ఆనంద్ అంతటివాడు డూడా చేతిలో ఓడాడు. రెండో రౌండ్ అదే రోజు. బోర్డు మీద ఆనంద్‌కి ఎదురుగా మళ్లీ అదే డూడా. ఈసారి ఆనంద్ గెలిచాడు, జట్టు 4.5-1.5తో గెలిచింది. లెక్క సమమైంది. తేల్చే ఒక్క ఆట హంపి చేతికొచ్చింది. మోనికా సోచ్కోను ఓడించి ఆమె జట్టుని ఫైనల్‌కి చేర్చింది.

ఫైనల్లో రష్యాతో మొదటి రౌండ్ ఆరూ డ్రా, 3-3. రెండో రౌండ్ మధ్యలో నిహాల్ సరీన్, దివ్యా దేశ్‌ముఖ్‌లకు నెట్ పోయింది! గడియారం ఆగదు కదా... టైమైపోయి ఇద్దరూ ఓడినట్టు లెక్క. రష్యా గెలిచిందని ప్రకటించారు కూడా. మనవాళ్లు అప్పీలు చేశారు. ఆరోజు ప్రపంచంలో చాలాచోట్ల ఇంటర్నెట్ దెబ్బతిన్న మాట నిజమేనని తేలింది. బంగారు పతకం రెండు జట్లకూ ఇచ్చారు. కానీ అదే పోటీల్లో, క్వార్టర్ ఫైనల్లో మనతో ఆడుతూ నెట్ పోయిందన్న ఆర్మేనియా అప్పీలు నెగ్గలేదు. కనెక్షన్ బాధ్యత ఆటగాళ్లదే అన్నది నిబంధన. కోపంతో ఆ జట్టు పోటీ నుంచి తప్పుకుంది.

అంటే 'నెట్ పోయింది' అనేది ఒక్కోసారి సాకు కాదు, నిజం. తేడా ఎలా తెలుస్తుంది? నంద్యాల జిల్లా రైతుని అడిగితే చెబుతాడు. శనగ పండలేదంటే విత్తనం నకిలీదేమోనన్న అనుమానం ముందొస్తుంది. అప్పుడు పక్క చేను చూస్తాడు. అదే విత్తనం, అదే వాన. అక్కడా పండలేదంటే విత్తనం మీద కేసు పెట్టొచ్చు. అక్కడ బాగా కాసి ఇక్కడ ఎండిందంటే విత్తనం కథ కట్టిపెట్టి, ఎప్పుడు వేశాం, ఎప్పుడు తడిపాం అని చూసుకోవాలి. అరుగు మీద నలుగురిలో ముగ్గురికి నెట్ బాగుండి ఒక్కడికే పదే పదే పోతుంటే అతని చేను చూడాల్సిందే.

పిల్లలు సాకులు ఆటలోనే నేర్చారనుకోవడం మాత్రం పొరపాటు. మార్కులు తగ్గితే 'పేపర్ టఫ్' అన్నది ఫోన్లు రాకముందు నుంచీ ఉంది. తప్పు చెబితే తన్నులు తప్పవని తెలిసిన ఇంట్లో ఎవరు చెబుతారు? జట్టూ అంతే. 'వేస్ట్ నా కొడకా' అని తిట్టించుకున్నవాడు మరుసటి మ్యాచ్‌లో ముందుకు రాడు, చెట్టు చాటునే ఉంటాడు. చచ్చినా నెట్ మీద పెడతాడు. 'నువ్వు ముందుకు పోయినప్పుడు నేను వెనకాల లేను' అని ఒక్కడు మొదలుపెట్టి చూడాలి, మిగతా ముగ్గురూ వాళ్ల వాళ్ల తెర మీద ఏం జరిగిందో చెప్పుకొస్తారు.

ఇదంతా నైపుణ్యం ఉన్న ఆటలకే. డబ్బు పెట్టి ఆడే యాప్‌లలో 'పోయినసారి తప్పు తెలిసింది, ఈసారి రాబట్టుకుంటా' అన్న మాట వినపడిందంటే అది పాఠం కాదు, అప్పు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025లో కేంద్రం చేసిన చట్టం కూడా డబ్బు ఆటలని మూసేసి, ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది.

బీజీఎంఐ 2023లో తిరిగొచ్చినప్పుడు పద్ధెనిమిదేళ్ల లోపు వాళ్లకు రోజుకి మూడు గంటలని హద్దు పెట్టారు. ఇంట్లో అమ్మానాన్నలు పెట్టే హద్దు అంతకన్నా తక్కువే ఉంటుంది. గంటన్నర అనుకుంటే మూడు మ్యాచులు. మూడోది మానేస్తే మొదటి రెండింటి రీప్లేలు చూడొచ్చు. నలుగురూ ఒకే ఫోన్ మీద తలలు పెట్టి చూస్తే ఛార్జింగ్ కూడా మిగులుతుంది.