ఎనిమిదో తరగతి డాక్టర్లు

మొన్న దసరా సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే మా అత్తగారు మంచం మీద లేచి కూర్చుని, "కడుపులో దేవుతోందే అమ్మాయ్, కాస్త మజ్జిగ పల్చగా కలిపి పట్రా" అన్నారు. పక్కనే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మా అమ్మాయి తలెత్తి, "దేవడం అంటే ఏంటమ్మా?" అంది.

అది ఎనిమిదో తరగతి. ముందు ఆదివారమే స్కూల్లో పెట్టిన మెడికల్ ఫౌండేషన్ పరీక్షలో జీర్ణవ్యవస్థ మీద నలభై ప్రశ్నలకు ముప్ఫై ఎనిమిది రైట్ పెట్టి వచ్చింది. ముందు నవ్వొచ్చింది. మజ్జిగ కలుపుతుంటే మాత్రం మనసు చివుక్కుమంది. కడుపు గురించి అంతా తెలిసిన పిల్లకి, నానమ్మ కడుపులో ఏమవుతోందో తెలియలేదు.

తప్పు దానిది కాదు. నాది. ఏడో తరగతి అయ్యాక స్కూల్ వాళ్లు పిలిచి, "ఐఐటీ బ్యాచా, మెడికల్ బ్యాచా?" అని అడిగితే మెడికల్ అని సంతకం పెట్టింది నేనే. "చిన్నప్పటి నుంచీ డాక్టర్ అవుతానంటుంది కదా" అని మురిసిపోయాను. ఆ సంతకంతో పీటీ పీరియడ్ పోయింది. తెలుగు పీరియడ్లు వారానికి మూడయ్యాయి. సాయంత్రం ఏడున్నర దాకా స్టడీ అవర్. ఆదివారం పరీక్ష. సోమవారం ర్యాంకు వాట్సాప్‌లో నాకు. అది చూసి నా ముఖం ఎలా మారుతుందో కనిపెట్టడం మా అమ్మాయికి అలవాటైపోయింది.

అసలు దేనికోసం ఈ పరుగో ఒకసారి చూద్దాం. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. సగం బయాలజీ, మిగతా సగం ఫిజిక్స్, కెమిస్ట్రీ. సిలబస్ అంతా ఇంటర్ రెండేళ్లదే. ఆ ఏడాది డిసెంబర్ 31కి 17 ఏళ్లు నిండకపోతే అర్హతే లేదు. మరి పన్నెండేళ్ల పిల్ల ఇప్పుడు చేస్తున్నదేమిటి? నాలుగేళ్ల తర్వాత ఎలాగూ చదవబోయే పాఠాన్ని, అర్థమయ్యే వయసు రాకముందే బిట్లు బిట్లుగా బట్టీ పట్టడం.

"అందరూ మొదలుపెట్టేశారు, మనవాళ్లు వెనకబడిపోతారు" అంటారు. నేనూ అన్నాను. 2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షలకు పైనే. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటి కొన్ని వేలు. సుమారు ఇరవై మందికి ఒక సీటు. రేషన్ షాపు ముందు అందరూ తెల్లవారుజామున మూడింటికే వచ్చి నిలబడితే బియ్యం బస్తాలు పెరుగుతాయా? అందరికీ నిద్ర పోతుంది, అంతే. ఆ నిద్రే పిల్లలకు లేకుండా చేస్తున్నాం. పదమూడు నుంచి పద్ధెనిమిదేళ్ల వయసువాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర గురించి చదువుకున్న డాక్టర్లే చెబుతున్నారు. మన పిల్లల్ని ఆ డాక్టర్లను చేయడం కోసం, ఆ డాక్టర్ల మాటే వినం!

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని, పదో తరగతి పరీక్షలయ్యాకే చేర్చుకోవాలని. ఆ మాట స్కూల్లో అడిగాను. "మాది కోచింగ్ కాదు మేడమ్, స్కూల్ సిలబస్‌లోనే కలిపి చెబుతాం" అన్నారు. చేసేది అదే పని. బోర్డు మీద పేరే వేరు.

ఇక మన సంగతి. ఇంట్లో ఉండే ఆడవాళ్లం కాబట్టి పిల్లల ర్యాంకు మన మార్కుల కాగితం అయింది. "నువ్వు ఖాళీగానే ఉంటావుగా, దాని చదువు కూడా చూసుకోలేవా?" అని మావారు ఒక్కసారే అన్నారు. ఆ ఒక్కమాటకి ఏడాది పాటు నేను వార్డెన్‌ని అయ్యాను. బాక్సులో ఏం పెట్టాలో అడిగేదాన్ని కాదు, ఎన్ని బిట్లు చేశావని అడిగేదాన్ని. పిన్ని కూతురి పెళ్లికి దాన్ని తీసుకెళ్లలేదు, మర్నాడు పరీక్షని. ఆ పెళ్లి మళ్లీ జరగదు. ఆ పరీక్షలో ఎన్ని వచ్చాయో ఇప్పుడు మా ఇద్దరికీ గుర్తులేదు.

"లేనివాళ్ల పిల్లలు పైకి రావాలంటే ఇదే దారి, కడుపు నిండినవాళ్లు ఇలాగే మాట్లాడతారు" అని ఎవరైనా అనొచ్చు. ఆ మాటలో బాధ ఉంది, కాదనను. కానీ ఈ ఫౌండేషన్ ఫీజు కట్టగలిగేది ఎవరు? పందెం ఆరో తరగతికి జరిగేకొద్దీ జిల్లా పరిషత్ స్కూల్లో చదివే పిల్ల మరింత వెనక్కి పోతుంది. ఇంటర్‌లో రెండేళ్లు ఒళ్లొంచి చదివి గెలిచే అవకాశం దానికి మిగలాలంటే, మనం ఈ పందాన్ని ముందుకు జరపడం ఆపాలి.

కష్టపడొద్దని నేననడం లేదు. బైపీసీలో చేరాక రెండేళ్లు కష్టం ఎలాగూ తప్పదు. దానికి హైస్కూల్లో కావలసింది లెక్కలు భయం లేకుండా రావడం, చదివింది సొంత మాటల్లో చెప్పగలగడం, ఒంట్లో ఓపిక. డాక్టరయ్యాక కావలసినవి ఇంకా ఉన్నాయి. పెద్దాసుపత్రి ఓపీలో కూర్చుంటే ఎదుటివాళ్లు నాసియా అని చెప్పరు. "కాళ్లు లాగుతున్నాయి", "గుండె దడదడలాడుతోంది", "తల దిమ్ముగా ఉంది" అంటారు. ఆ భాష ఏ బిట్‌బ్యాంకులోనూ దొరకదు. నానమ్మ దగ్గర, పెళ్లిళ్లలో, వీధిలో ఆడుకుంటూ నేర్చుకోవాలి.

దసరా అయ్యాక అమ్మాయిని ఆ బ్యాచ్ నుంచి మామూలు సెక్షన్‌కి మార్పించాను. కట్టిన ఫీజు తిరిగి రాదన్నారు. మావారు వారం రోజులు ముభావంగా ఉన్నారు. మా ఆడపడుచు "రేపు అది నిన్నే అడుగుతుంది చూడు" అంది. అడగొచ్చు. ఆ భయం నాకు లేదని చెప్పను. కానీ ఇప్పుడు సాయంత్రాలు అది వాళ్ల నానమ్మకి బీపీ మిషన్ పట్టీ చుట్టి, అంకెలు నోట్‌బుక్‌లో రాస్తోంది. పక్కన ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తుంది: "రాత్రి నిద్ర పట్టలేదు, ఎడమకాలు తిమ్మిరి." డాక్టర్ అవుతానని ఇప్పటికీ అంటోంది. అవుతుందో లేదో పదో తరగతి అయ్యాక అదే తేల్చుకుంటుంది.

మొన్న అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఒకావిడ అడిగింది, "మీ అమ్మాయి ఏ బ్యాచ్‌లో ఉందండీ?" అని.

"ఎనిమిదో తరగతిలో ఉందండీ" అన్నాను.

మీరూ ఒకసారి అలా చెప్పి చూడండి.