ప్లేటు ముక్కకు కక్కుర్తి, కార్మికుని ప్రాణానికి ముప్పు



సైజింగుకు కొత్త స్టీమ్ కనెక్షన్ కావాలంటే మెయిన్ పైపుకు రంధ్రం కోసి, చిన్న పైపు అతికించి, వాల్వు తిప్పమంటున్నారు మన కావేరిపట్టణం యజమానులు. కోసి పారేసిన ఇనుమూ అంతవరకు పీడనాన్ని మోసిందే కదా! ఆ బలాన్ని రంధ్రం చుట్టూ ప్లేటు వెల్డు చేసో, మందపాటి టీ వేసో తిరిగి ఇవ్వాలి. ప్లేటుకు చిన్న బెజ్జం ఉండాలి. లోపలి వెల్డు కారితే అక్కడే బయటపడుతుంది.

చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోలు దాటిన స్టీమ్ పైపు బాయిలర్ చట్టం కిందిదే. 1923 చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినా ఆ బాధ్యత యజమానిదే.

ఖర్చంటారా? ప్లేటు ముక్క ఖరీదెంత, కాలిన ఒంటి ఖరీదెంత?

సర్టిఫికెట్ ఉన్న వెల్డరు, నీటి పీడన పరీక్ష, బాయిలర్ ఇన్‌స్పెక్టరు అనుమతి: ఈ మూడూ చూపేదాకా వాల్వు తిప్పం!