మూర్ఛ మందుకు పది రోజుల చీటీ

ప్రబంధాల్లో నాయిక మూర్ఛపోతే చెలికత్తెలు పన్నీరు చల్లుతారు. తరగతిలో ఆ పద్యాలు చెప్పేటప్పుడల్లా నాకు మా కణేకల్ మాదిగగేరి గుర్తొస్తుంది. మా గేరిలో పిల్లకు ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవి, ముక్కు దగ్గర చెప్పు పెడతారు. చెప్పు కుట్టిన చెయ్యి అంటరానిది, చెప్పు వాసన మాత్రం ఊరందరికీ మందు! రెండూ పనిచేయవు. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. టైం చూడండి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. విద్యార్థులారా, మిగతాది చదవకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

"మీవాళ్లకు మూఢనమ్మకాలెక్కువ, ఆసుపత్రికి రారు" అనే మాట మీదే నా గొడవ. వస్తారు సార్. వచ్చినాకే ఆగిపోతారు.

మా గేరిలో ఒకమ్మ మిరప కోతల కూలి వదులుకుని కొడుకును ఒక ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయేది. ఓపీ చీటీకి ఒక వరస, డాక్టరుకు ఒక వరస, మందులకు ఇంకో వరస. చేతికొచ్చేవి 10 రోజుల మాత్రలు. అంటే నెలకు మూడు రోజుల కూలి పోయినట్టే. (ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితమే. పోయిన కూలి ఎవరిస్తారు?) ఒకసారి స్టాకు లేదన్నారు. నాలుగు రోజులు మాత్ర పడలేదు, పిల్లోడు బడిలో పడిపోయాడు. చీటీ మీద "మందులు సరిగ్గా వాడలేదు" అని రాశారు. సరిగ్గా ఇవ్వనిది ఎవరో రాయడానికి ఆ చీటీలో చోటు లేదు.

ఫిట్స్ ఆగినాక కూడా మామూలుగా కనీసం రెండేళ్లు మాత్రలు వేయాలి. హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు. అట్లాంటి మందును పదేసి రోజుల ముక్కలు చేసి ఇస్తున్నారు.

పోనీ ఖరీదా? ఫినోబార్బిటోన్ 1912 నుంచి వాడుకలో ఉంది. ఏడాది మందు 5 డాలర్లకే రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. సరైన వైద్యం అందితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చనీ, పేద దేశాల్లో నాలుగింట మూడొంతుల మందికి ఆ వైద్యమే అందడం లేదనీ కూడా అదే చెప్తోంది.

2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పిల్లల ఫిట్స్ ఉంది. బడికి ఏడాదికోసారి బృందం వస్తుంది. ఆ రోజు ఫిట్స్ రాని పిల్లోడు బృందం కంటికి ఆరోగ్యవంతుడే. బీపీ, షుగర్ వాళ్లకు నెలనెలా ఊళ్లోనే మాత్రలిచ్చే పద్ధతి ఉంది కదా, మూర్ఛ మాత్రను అదే సంచిలో వేయడానికి అడ్డమేమిటి?

ఇక "పంది మాంసం తినేవాళ్లకు ఇంతే" అనే పెద్దమనుషులకో మాట. ఉడకని పంది మాంసంతో పేగులో బద్దెపురుగు చేరుతుంది, నిజమే. మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ తెప్పించేది మాత్రం ఆ పురుగు గుడ్లు. అవి మనిషి మలం నుంచి నీళ్లలోకి, పచ్చి కూరగాయల మీదికి చేరతాయి. శాకాహారికీ రావచ్చు. అడగాల్సింది గేరికి మరుగుదొడ్డి, మంచినీళ్లు ఎందుకు రాలేదని.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. రెండు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి, దగ్గరి పీహెచ్‌సీలోనే ఇవ్వాలి. మీ ఊళ్లో పది రోజుల చీటీలుంటే పిల్లల పేర్లు మూసి ఫొటోలు పంపండి, అర్జీకి జత చేస్తాం.