గుట్టకు జనం వస్తున్నారు, పూట నిలవడం లేదు

2022 మే 1న యాదగిరిగుట్ట కొండపైకి వెళ్లే కారుకు రూ.500 పార్కింగ్ రుసుము పెట్టారు. గంట దాటితే ఆ తర్వాత ప్రతి గంటకూ మరో రూ.100. భక్తులు మండిపడేసరికి ఆ గంటల వడ్డన తీసేశారు, ఐదు వందలు మాత్రం ఉంచారు. దేవుడి దగ్గర ఈ దోపిడీ ఏమిటన్న దాని మీదే అప్పటి గొడవంతా నడిచింది. ఊరివైపు నుంచి చూసినవాళ్లు తక్కువ. వచ్చిన మనిషి ఎంత తొందరగా వెళ్లిపోతే అంత మేలని చెప్పే రుసుము అది. యాత్రికుల మీద బతికే ఊళ్లో అంతకన్నా విడ్డూరమైన పన్ను ఉంటుందా?

ఆ రుసుము ఒక్క అధికారి తెలివి కాదు. గుట్టను దశాబ్ద కాలంగా ఎలా చూస్తున్నారో అందులో కనిపిస్తుంది. భక్తుల సంఖ్య పెరగాలి, హుండీ లెక్క పెరగాలి, క్యూ తొందరగా కదలాలి. ఈ మూడూ గుడికి సంబంధించిన కొలతలు. ఊరికి కావలసిన కొలత వేరే ఉంది: వచ్చినవాళ్లు ఎన్ని గంటలు ఉన్నారు, వాళ్లు ఖర్చు పెట్టిన రూపాయిలో ఎంత ఇక్కడ మిగిలింది. ఆ లెక్క రాసే రిజిస్టరు ఏ ఆఫీసులోనూ లేదు.

హైదరాబాద్‌కు దగ్గరగా ఉండటం గుట్టకు వరమని అంటారు. వరంగల్ రహదారిలో ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి దాటి రాయగిరి దగ్గర తిరిగితే వచ్చేస్తుంది. మొత్తం కలిపి అరవై కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు రెండు వరుసలుగా ఉన్న రోజుల్లో అది ఒక రోజు ప్రయాణం. ఇప్పుడు ఉప్పల్‌లో టిఫిన్ చేసి బయల్దేరిన కుటుంబం దర్శనం చేసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరుతోంది. ఊళ్లో వాళ్లు కొన్నది ఒక కొబ్బరికాయ, పిల్లాడికో బొమ్మ, రెండు చాయలు. లడ్డూ, పులిహోర కొండ మీదే దొరుకుతాయి.

పాత గుట్ట బతుకుదెరువు ఇలా ఉండేది కాదు. నల్లగొండ, వరంగల్, మెదక్, పాలమూరు పల్లెల నుంచి వచ్చేవాళ్లు రాత్రికి ఉండేవాళ్లు. కొండ మీద నిద్ర చేయడం మొక్కులో భాగం. ఒంట్లో బాగాలేనివాళ్లు, గాలి సోకిందనుకున్నవాళ్లు నలభై రోజులు ఉండి ప్రదక్షిణలు చేసేవాళ్లు. స్వామి కలలో కనిపించి వైద్యం చేస్తాడని నమ్మకం. ఆ నమ్మకం నిజానిజాలు అటుంచి దాని లెక్క చూడండి. నలభై రోజులు ఉన్న కుటుంబానికి అద్దె గది కావాలి, పాలు కావాలి, కూరగాయలు, కట్టెలు లేదా గ్యాసు, మందుల దుకాణం, బట్టలుతికే మనిషి కావాలి. ఆ సొమ్ము ఒక్క చేతికి కాదు, వాడకట్టులో పది చేతులకు పోయేది. కులానికొక సత్రం వెలిసిందీ, ఇంటి వెనక రెండు గదులు దింపి అద్దెకిచ్చే అలవాటు వచ్చిందీ ఆ నిద్ర వల్లే.

తెలంగాణ వచ్చాక ఆలయ పునర్నిర్మాణం మొదలైంది. 2015లో యాదగిరిగుట్ట ఆలయ అభివృద్ధి సంస్థ వైటీడీఏ ఏర్పడింది. 2016లో పనులు మొదలై, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో గుడి తెరుచుకుంది. ఖర్చు సుమారు రూ.1,200 కోట్లు. కృష్ణశిలతో అంత పెద్ద కట్టడాన్ని ఈ కాలంలో నిలబెట్టిన శిల్పుల పనితనాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. నా అభ్యంతరం రాతి మీద కాదు, రాయి చుట్టూ గీసిన గీత మీద.

ఆ గీతలో ఏం జరిగింది? కొండ మీది పాత సత్రాలు, గదులు, దుకాణాలు తొలగించారు. భక్తుల గదులు పోయాయి, పక్క కొండ మీద వీవీఐపీలకు ప్రెసిడెన్షియల్ సూట్లు వచ్చాయి. కల్యాణకట్ట, పుష్కరిణి, దీక్షాపరుల మండపం, అన్నప్రసాదం, పార్కింగ్ అన్నీ గండిచెరువు పక్కకు చేరాయి. అక్కడి నుంచి ఉచిత బస్సు ఎక్కితే కొండపైన దిగుతారు, దర్శనం అయ్యాక మళ్లీ అదే బస్సులో కిందికి. వసతిగా ఉంది, కాదనడం లేదు. ముసలివాళ్లకు, చంటిపిల్లల తల్లులకు చాలా మేలు. కానీ ఈ చక్రంలో తిరిగిన భక్తుడికి యాదగిరిగుట్ట అనే ఊరు ఒకటుందన్న సంగతే తెలియదు. వైకుంఠద్వారం నుంచి మెట్ల వైపు నడిచే జనంతో బతికిన బజారు పక్కకు ఉండిపోయింది. రోడ్ల విస్తరణలో దుకాణాలు పోగొట్టుకున్నవాళ్లు పరిహారం కోసం, మారుగా మరో దుకాణం కోసం ధర్నాలు చేయాల్సి వచ్చింది.

ఆటోల కథ అందరికీ తెలిసిందే. సంప్రోక్షణ తర్వాత వాటిని కొండపైకి రానివ్వలేదు. రోజూ పది ట్రిప్పులు కొట్టి ఫైనాన్స్ కిస్తీ కట్టుకునేవాళ్లు రెండేళ్ల పాటు రోడ్డు మీద కూర్చున్నారు. ప్రభుత్వం మారాక 2024 ఫిబ్రవరిలో మళ్లీ అనుమతి వచ్చింది. కొండపై నిద్ర చేసేవాళ్లకు డార్మిటరీ హాలు కూడా ఆ ఏడాదే తిరిగి తెరిచారు. ఈ రెండూ పెద్ద ఖర్చు లేని నిర్ణయాలు. ఊరికి చేసిన మేలులో వందల కోట్ల పనులకన్నా ఇవి తక్కువేమీ కావు.

ఈ పదేళ్లలో గుట్ట పేరు మీద నిజంగా డబ్బు చేసుకున్నది ప్లాట్ల వ్యాపారం. ఘట్‌కేసర్ నుంచి ఆలేరు దాకా రహదారికి రెండువైపులా వెంచర్ల బోర్డులే. భూమి అమ్ముకున్న రైతుల్లో కొందరు బాగుపడ్డారు, కొందరు ఆ డబ్బు రెండేళ్లలో కరిగించుకుని అదే వెంచరుకు కాపలా పనిలో చేరారు. ఎకరం ధర పెరిగితే ఊరు పెరిగిందనుకోవడం మనకు అలవాటైపోయింది. ధర పెరిగిన చోట చిన్న లాడ్జి కట్టాలన్నా, పది టేబుళ్ల హోటలు పెట్టాలన్నా స్థానికుడికి స్థలం అందదు. రాత్రి బస లేక ప్లాట్లు, ప్లాట్ల వల్ల బస లేకపోవడం. పెద్దగుట్టపై టెంపుల్ సిటీకి లేఅవుట్ వేసి, దాతలతో కాటేజీలు కట్టించాలనుకున్నారు. అనుకున్నంత వేగంగా అక్కడ గోడలు లేవలేదు.

బస గురించి మాట్లాడితే ఒక చేదు విషయం దాటేసి పోకూడదు. 2018లో రాచకొండ పోలీసులు ఈ ఊళ్లో వ్యభిచార గృహాలపై దాడులు చేసి చిన్నచిన్న ఆడపిల్లలను విడిపించారు. కొన్నాళ్లు పత్రికలు రాశాయి, తర్వాత మరిచిపోయాయి. ‘ఎక్కువ గదులు’ అని మాత్రం అడిగితే చాలదు. ఎవరు నడుపుతున్నారు, ఎవరు తనిఖీ చేస్తున్నారు అన్నది కూడా ఊరి ఆర్థికంలో భాగమే. కుటుంబంతో భయం లేకుండా ఉండగలమన్న పేరు లేని ఊళ్లో రాత్రి ఆగమని ఎవరినీ అడగలేం.

గుట్ట ఒక్కదానిదే కాదు ఈ కథ. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతమంతా ఇదే తీరు. నాగార్జునసాగర్‌లో గేట్లు ఎత్తిన వారం రోజులు కార్లు ఇసుక వేస్తే రాలనట్లు ఉంటాయి. గేట్లు దించిన మర్నాడు హిల్ కాలనీ ఖాళీ. 2022లో బుద్ధవనం తెరిచారు, మంచి పని. అయినా చాలామందికి అది ఒక పూట ఫొటోల చోటే. నల్లమలలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది. పులుల అడవి కాబట్టి అది సరైనదే. కానీ శ్రీశైలం పోయే వేల వాహనాలు గేటు టైముకు దాటాలని ఉరుకులు పెడతాయి తప్ప, గేటుకు ఇవతల ఒక రాత్రి ఉండి పొద్దున్నే అడవిలోకి పోదామనిపించే వసతి అంతంతమాత్రం.

గుట్ట దగ్గర మనిషిని ఆపగల సరుకు లేదా అంటే, చుట్టూ దండిగా ఉంది. భువనగిరి కోట ఉన్న ఏకశిల పట్టుమని 15 కిలోమీటర్లు లేదు. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్టు ఎక్కడానికి ముందు తాడు పట్టింది ఆ రాతి మీదే. స్వదేశ్ దర్శన్ 2.0 కింద ఆ కోటకు రోప్‌వే మంజూరైంది. ఆలేరు అవతల కొలనుపాకలో జైన మందిరం, సోమేశ్వరాలయం ఉన్నాయి. ఇటువైపు భూదాన్ పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు వంద ఎకరాలు ఇచ్చిన ఊరు, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేరిన ఊరు. పుట్టపాక తేలియా రుమాలు ఈ జిల్లాదే. పెంబర్తి ఇత్తడి పని ఇదే రహదారి మీద, జిల్లా సరిహద్దు దాటగానే. పక్కనే సురేంద్రపురి ఉంది. టికెట్టు కొని రెండు మూడు గంటలు పురాణ బొమ్మల మధ్య తిరగడానికి జనం సిద్ధంగానే ఉన్నారని అది ఎప్పుడో రుజువు చేసింది. వీటన్నిటినీ కలుపుతూ పొద్దున గుట్టలో బయల్దేరి సాయంత్రానికి గుట్టకే తిరిగి వచ్చే బస్సు ఒకటి రోజూ నమ్మకంగా తిరిగితే, రాత్రి గది దానంతట అదే నిండుతుంది. చిత్రమేమిటంటే, ఈ చోట్లలో ప్రతిదానికీ విడిగా పథకం ఉంది, కలిపే బస్సుకు లేదు.

డబ్బు ఊళ్లో నిలవడానికి రెండో దారి కొనుగోళ్లు. కొండ కింది దుకాణాల్లో దొరికే ఫ్రేములు, దండలు, ప్లాస్టిక్ బొమ్మలు చాలావరకు బేగంబజార్ సరుకు. నేతగాళ్ల జిల్లాలో అమ్మవారి ఒడిబియ్యానికి సూరత్ బట్ట కొంటున్నారు. దేవస్థానం వీళ్లందరికన్నా పెద్ద కొనుగోలుదారు. నెయ్యి, బియ్యం, పప్పు, పూలు, బట్టలు ఏడాది పొడవునా కొంటుంది. గుట్ట ప్రసాదాలకు ఏళ్ల తరబడి నెయ్యి ఇచ్చింది నల్లగొండ, రంగారెడ్డి పాడి రైతుల సహకార సంఘం నార్ముల్. 2024లో ఆలయాలన్నీ విజయ డెయిరీ నెయ్యే వాడాలని ప్రభుత్వం చెప్పినప్పుడు, కల్తీ భయంలో అది సబబుగానే వినిపించింది. కానీ సర్కారు డెయిరీ, సహకార డెయిరీ రెండింట్లో ఏదైనా కల్తీ లేకుండా ఇవ్వగలిగితే, కొండ నీడలో బర్రెలు పెంచేవాళ్ల సంఘానికి ముందు అవకాశం ఇవ్వడంలో తప్పేముంది? పూలకు, కూరగాయలకు కూడా ఇదే ప్రశ్న. చుట్టుపక్కల మహిళా సంఘాలతో ఏడాది ఒప్పందం రాసుకుంటే, బంతి, చామంతి వేసే రైతుకు ధర ముందే తెలుస్తుంది.

ఇక మున్సిపాలిటీ. 2018లో గ్రామ పంచాయతీ కాస్తా పురపాలక సంఘమైంది. చెత్త ఊరిదే, మురుగు ఊరిదే, బ్రహ్మోత్సవాల పదకొండు రోజుల తాకిడీ ఊరిదే. గుడికి ఆస్తిపన్ను ఉండదు, ఉండాలని ఎవరూ అనరు. అలాగని ఊరి ఖర్చుకు గుడి ఆదాయానికి సంబంధమే లేదనడం ఎలా కుదురుతుంది? తిరుపతిలో ఈ తగువు పాతదే. 2023 అక్టోబరులో టీటీడీ పాలకమండలి తన బడ్జెట్‌లో ఒక శాతం తిరుపతి నగరానికి ఇవ్వాలని తీర్మానిస్తే, దేవుడి సొమ్ము దారి మళ్లుతోందని అభ్యంతరాలు వచ్చాయి, ప్రభుత్వం ఆమోదించలేదు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. హుండీలో పడిన కానుకను కాలువలకు వాడకూడదంటే ఒప్పుకుందాం. పార్కింగ్ రుసుము కానుక కాదు కదా. కారు వాడుకున్నది రోడ్డు, స్థలం. కాబట్టి ఆ ఐదు వందల్లో సగం మున్సిపాలిటీకి ఇవ్వడానికి ఆగమశాస్త్రం అడ్డు రాదు.

ఆశ కలిగించే మార్పులు రెండున్నాయి. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణ పథకంతో ఆడవాళ్లు ఆర్టీసీ బస్సుల్లో గుంపులుగా గుట్టకు వస్తున్నారు. బస్సులో వచ్చిన మనిషి కారులో వచ్చిన మనిషిలా వాచీ చూసుకోదు. తిరుగు బస్సు దాకా బజారులో తిరుగుతుంది, గాజులు బేరమాడుతుంది, చద్ది మూటతో పాటు మిర్చి బజ్జీలు కొంటుంది. రెండోది గిరిప్రదక్షిణ. 2024 జూన్ నుంచి స్వామి జన్మనక్షత్రం స్వాతి నాడు దీన్ని పెద్దఎత్తున చేస్తున్నారు. అరుణాచలం దీపాన్ని చూసి వచ్చిన తెలుగువాళ్లకు ఈ నడక కొత్త కాదు. తిరువణ్ణామలైలో పున్నమి రాత్రి నడిచే దారి పొడవునా ఇడ్లీ బండి నుంచి చెప్పుల స్టాండు దాకా ఎంతమంది బతుకుతున్నారో కూడా వాళ్లు చూసే ఉంటారు. గుట్టలో ప్రదక్షిణ ఎక్కువగా తెల్లవారుజామున సాగుతుంది. తెల్లవారుజామున నడవాలంటే ముందు రాత్రే ఊళ్లో ఉండాలి. పాత నిద్ర మొక్కును ఇంతకన్నా సులువుగా తిరిగి తెచ్చే దారి మరొకటి లేదు. చేయాల్సింది ఆ దారిని బజారు గుండా తిప్పడం, నీళ్లు, దీపాలు, మరుగుదొడ్లు పెట్టడం, ఆ ఒక్క రాత్రికి ఇళ్లలో గదులు అద్దెకిచ్చేవాళ్లను నమోదు చేసి పోలీసు తనిఖీ కిందికి తేవడం.

ఈలోగా మరో మార్పు ముందుంది. ఘట్‌కేసర్ నుంచి రాయగిరి దాకా 33 కిలోమీటర్ల ఎంఎంటీఎస్ రైలు మార్గం 2016లో మంజూరై, రాష్ట్ర వాటా దగ్గర ఏళ్లకేళ్లు ఆగింది. ఎప్పుడో ఒకనాడు వస్తుంది. వచ్చినప్పుడు ప్రయాణం ఇంకా చవకవుతుంది, ఇంకా పొట్టిదవుతుంది. రాయగిరి స్టేషన్ నుంచి కొండ దాకా మిగిలిన ఆ నాలుగైదు కిలోమీటర్లు ఎవరి చేతిలో ఉంటాయి: గుట్ట ఆటోవాళ్ల సంఘం చేతిలోనా, టెండరులో వచ్చే హైదరాబాద్ కంపెనీ చేతిలోనా? స్టేషన్ బయట దుకాణాలు రోడ్డు విస్తరణలో నష్టపోయినవాళ్లకు ముందు ఇస్తారా, వేలంలో పెడతారా? స్వాతి నాడు తెల్లవారుజామున నడిచేవాళ్లకు ముందు రోజు రాత్రి సికింద్రాబాద్ నుంచి ఒక రైలు ఉంటుందా? ఇవి పట్టాలు వేశాక తేల్చే విషయాలు కావు. మున్సిపాలిటీ, వైటీడీఏ, రైల్వే ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఇప్పుడే రాసుకోవాల్సినవి. ఇప్పటిదాకా అలాంటి బల్ల దగ్గర మున్సిపాలిటీకి కుర్చీ వేసింది లేదు.