28 మంది ఉన్నా లెక్కలోకి ఎందుకు రాలేదు?

అసెంబ్లీలో ఎవరి బలం ఎంత అంటే మనం సీట్లు చెప్తాం. ప్రభుత్వం ఏర్పడేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇంకోటుంది: ఎవరు తప్పుకుంటే మెజారిటీ పోతుంది?

జార్ఖండ్ 2009 ఫలితాలే తీసుకోండి. 81 సీట్లు, మెజారిటీకి 41 కావాలి. బీజేపీ 18, జేఎంఎం 18, కాంగ్రెస్ 14, జేవీఎం 11, ఆర్జేడీ 5, ఏజేఎస్‌యూ 5, జేడీయూ 2. మిగతా 8 మంది ఒక్క సీటు పార్టీల వాళ్లు, ఇండిపెండెంట్లు. వాళ్లను కాసేపు పక్కన పెడదాం.

ఈ 7 పార్టీలతో 127 రకాల జట్లు కట్టొచ్చు. కంప్యూటర్‌కి ఇచ్చి ప్రతి జట్టునీ రెండు ప్రశ్నలు అడగండి. మొత్తం 41కి చేరిందా? అందులో అన్నిటికన్నా చిన్న పార్టీని తీసేస్తే 41 కన్నా తగ్గిందా? రెండింటికీ అవునంటేనే ఉంచండి. చిన్నది పోతేనే పడిపోయే జట్టు, పెద్దది పోతే ఎలాగూ పడిపోతుంది. చివరికి మిగిలేవి 10 జట్లే. ఓపికుంటే కాగితం మీదా వేసి చూడొచ్చు.

ఇప్పుడు ఎవరు ఎన్నింటిలో ఉన్నారో చూడండి. బీజేపీ, జేఎంఎం 7 చొప్పున. 14 సీట్ల కాంగ్రెస్ 5 జట్లలో. 5 సీట్ల ఏజేఎస్‌యూ కూడా 5 జట్లలోనే! ఆ డిసెంబర్‌లో శిబూ సోరెన్ ముఖ్యమంత్రి అయినప్పుడు బీజేపీ, జేఎంఎం, ఏజేఎస్‌యూ బలం కలిపితే సరిగ్గా 41. ఏజేఎస్‌యూ నేత సుదేశ్ మహతో ఉప ముఖ్యమంత్రి అయ్యారు.

మరి ఆదివాసీలు? అదే సభలో ఎస్టీ రిజర్వుడు సీట్లు 28. ఏ ఒక్క పార్టీ బలం కన్నా ఎక్కువే. కానీ ఆ 28 మంది పార్టీల మధ్య చీలిపోయారు. విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. అందుకే లెక్కకు పార్టీలే కనిపిస్తాయి, 28 కనిపించదు.

ఆ సభ కాలంలో ముఖ్యమంత్రులు ముగ్గురూ ఆదివాసీలే: శిబూ సోరెన్, అర్జున్ ముండా, హేమంత్ సోరెన్. అయినా 1996 నాటి పెసా చట్టానికి రాష్ట్ర నియమాలు రాలేదు. కుర్చీ మనవాళ్లది, షరతులు వేరేవాళ్లవి.

కాబట్టి మిత్రులారా, హంగ్ వచ్చిన రోజు మనవాళ్లు ఎంతమంది గెలిచారో చూసి సంబరపడి ఆగిపోకండి. ఎవరు తప్పుకుంటే ప్రభుత్వం పడుతుందో లెక్కేయండి. పొత్తు ఖాయం కాకముందే ఆ పార్టీ గుమ్మం ముందు కూర్చోండి. పెసా, అటవీ హక్కులు ఒప్పందంలో తేదీతో సహా రాయించండి. సంతకాలయ్యాక మన మాట వినేవాడుండడు.